ఇంటిపేరు: నెల్లూరు, ఒంగోలు సీమల్లో ఒక పాత చిరునామా

దుబాయ్ ప్రయాణానికి సిద్ధమవుతున్న మా బంధువుల అబ్బాయి ఒకడు పాస్‌పోర్టు దరఖాస్తు నింపుతూ ఇంటిపేరు గడి దగ్గర ఆగిపోయాడు. పదో తరగతి సర్టిఫికెట్‌లో అతని ఇంటిపేరు ‘కె’ అనే ఒక్క అక్షరం. ఆధార్‌లో అదే అక్షరం పేరు చివరికి చేరింది. రేషన్ కార్డులో అదీ లేదు. 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, పాస్‌పోర్టులో ఒంటి పేరు మాత్రమే ఉన్న సందర్శకులను రానివ్వబోమని ప్రకటించినప్పటి నుంచి ఈ గడి అంటే మన కుర్రాళ్లకు భయమే. ‘కె’ అంటే ఏమిటో ఇంట్లో ముందుగా చెప్పింది వాళ్ల నాయనమ్మ. “కందుకూరి వాళ్లం నాయనా” అంది.

ఆ ‘రి’ దగ్గరే అసలు విషయమంతా ఉంది. ఊరి పేరు కందుకూరు, ఇంటిపేరు కందుకూరి. టంగుటూరు టంగుటూరి అయింది, దువ్వూరు దువ్వూరి అయింది. చెరువు ఊరిది కనుక ‘ఊరి చెరువు’ అన్నట్టే, మనిషి టంగుటూరి వారివాడు కనుక ‘టంగుటూరి ప్రకాశం’ అన్నాం. మేకల, ఆకుల వంటి ఇంటిపేర్లలోని ‘ల’ కూడా ఈ పనే చేస్తుంది. నెల్లూరుకు చెందిన గాయకుడు బాలసుబ్రహ్మణ్యం ఇంటిపేరు శ్రీపతి పండితారాధ్యుల. పండితారాధ్యుల వంశం వారన్న అర్థం ఆ చివరి అక్షరంలోనే ఉంది. అందువల్ల తెలుగు ఇంటిపేరు ముందుండటం అలవాటు మాత్రమే కాదు, వ్యాకరణం. ‘చెరువు ఊరి’ అంటే ఎంత అవకతవకగా ఉంటుందో, దాన్ని పేరు వెనక్కి నెట్టడమూ అంతే.

ఇంతకీ ఊరి పేరు ఇంటికి ఎందుకు పట్టుకుంది? టంగుటూరులోనే ఉన్నవాణ్ణి టంగుటూరి వాడని ఎవరూ ప్రత్యేకంగా పిలవరు. అక్కడ అందరూ ఆ ఊరివాళ్లే కదా. కరువుకో, కొలువుకో, ఇల్లరికానికో ఒక కుటుంబం మరో ఊరు చేరితే, ఆ కొత్త ఊరివాళ్లు పెట్టే గుర్తు అది. ఊరి పేరుతో ఉన్న ఇంటిపేరు ఎక్కడ వినిపించినా, ఆ కుటుంబం ఒకనాడు అక్కడి నుంచి బయలుదేరిందని నాకు అనిపిస్తుంది. ప్రకాశం పంతులు 1872లో ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. టంగుటూరు ఒంగోలుకు దక్షిణంగా రైలు దారిలోనే ఉంది. ఆ ఇంటివాళ్ల ప్రయాణం దూరమేమీ కాదు. బుచ్చిరెడ్డిపాళెంలో 1907లో పుట్టి 1955లో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన గోపాలరెడ్డి ఇంటిపేరు బెజవాడ. ఆ నగరాన్ని మనం విజయవాడ అంటున్నాం, ఇంటిపేరు మాత్రం పాత పేరునే మోస్తోంది. రికార్డులు మార్చినంత తేలిగ్గా ఇంటిపేర్లు మారవు.

రెండు జిల్లాల పేర్లే చూడండి. 1970 ఫిబ్రవరిలో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం పేరు పెట్టినప్పుడు టంగుటూరి అన్నది చేరలేదు. 2008లో నెల్లూరుకు పొట్టి శ్రీరాములు పేరు చేర్చినప్పుడు ఇంటిపేరు కూడా వచ్చింది. ఆయన పొట్టిగా ఉండేవారేమో అనుకునే పిల్లలను నేను చూశాను. అది ఆయన ఇంటిపేరని బడిలో ఒక్క మాట చెబితే బాగుండును.

పదవులూ ఇంటిపేర్లయ్యాయి. ప్రగడ అంటే మంత్రి. అద్దంకి రెడ్ల కొలువులో ఉన్న ఎర్రాప్రగడ పేరులో అది బిరుదు, నేడు ఎర్రాప్రగడ అన్నదే ఇంటిపేరుగా ఉన్నవాళ్లున్నారు. గ్రామ కరణాల వ్యవస్థ 1984లో రద్దయినా కరణం వారు ఇంకా కరణం వారే.

ఇతర సమాజాల నుంచి వచ్చిన పేర్లు మన పద్ధతిలో ఒదిగిన తీరు నాకు అన్నిటికన్నా ఇష్టం. షేక్ అరబ్బీ మాట, పెద్దవాడు అని అర్థం. ఇక్కడ అది ఇంటిపేరు చోటులో కూర్చుంది. కరవదిలో 1924లో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా పేరే సాక్ష్యం. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ సీమ పల్లెల్లో ఇప్పటికీ పాత ఇంటిపేరు వెనక యోహాను, మరియమ్మ, యేసుపాదం వినిపిస్తాయి.

బయటి లోకంలో ఇంత ఒకే తీరు లేదు. సూళ్లూరుపేట దాటితే తమిళులు తండ్రి పేరులోని మొదటి అక్షరంతో సరిపెట్టుకుంటారు. ఇంగ్లీషువాళ్ల స్మిత్ మన కమ్మరి, జాన్సన్ అంటే జాన్ కొడుకు. ఐస్‌లాండ్‌లో ఎక్కువమందికి ఇంటిపేరే ఉండదు, తల్లి లేదా తండ్రి పేరుకు ‘కొడుకు’, ‘కూతురు’ చేరుస్తారు. టర్కీలో 1934లో చట్టం చేసి మరీ అందరికీ ఇంటిపేర్లు పెట్టించారు. పేరు చివర ఇంటిపేరు ఉండాలన్న గడి ఒక ప్రాంతపు అలవాటు, లోకమంతటి నియమం కాదు.

మన ఇంటిపేర్లలో నొప్పి లేదని అనను. ఆడపిల్లకు అది మధ్యలో మారిపోతుంది. నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం స్థాపించిన కనకమ్మ పుట్టింట మరుపూరు వారమ్మాయి, మనకు తెలిసింది పొణకా కనకమ్మగానే. ఇంటిపేరు అడగడం వెనక చాలాసార్లు కులం అడగడం ఉంటుంది. అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య పేరు చివరి రెడ్డిని వదిలేశారు. కులాన్ని చెప్పే తోకను తీసేశారు, ముందున్న పుచ్చలపల్లి ఉండిపోయింది. ఈ రెండూ ఒకటి కాదని అంత స్పష్టంగా చూపిన పేరు మరొకటి నాకు కనిపించదు.

దరఖాస్తులో మా వాడు చివరికి ‘కందుకూరి’ అని పూర్తిగా రాశాడు. సర్టిఫికెట్‌లోని ‘కె’తో అది కలవడానికి ఇంకా రెండు కాగితాలు కావాలట. 1970లో నెల్లూరు నుంచి ప్రకాశంలోకి వెళ్లిన కందుకూరు 2022లో తిరిగి నెల్లూరు జిల్లాకు వచ్చింది, 2025 చివర్లో మళ్లీ ప్రకాశంలో కలిసింది. అతను ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. ఆదివారం ఒంగోలులో బస్సెక్కి నాయనమ్మను వెంటబెట్టుకుని వెళ్లివస్తానన్నాడు. ఆమె కూడా చూడలేదట.