చెరువు కట్ట మీద దొరికిన జవాబు

హనుమకొండ,
భాద్రపద మాసం.

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో పెద్దమ్మాయి ఒక ప్రశ్న అడిగింది: "తాతయ్యా, సైబర్‌పంక్ అనే ఆ భవిష్యత్తు కథల్లో ఊరంతా కంప్యూటర్లే కదా, మరి మనుషులంతా ఇరుకు గదుల్లో, అప్పుల్లో ఎందుకు బతుకుతారు?" ఆ పూట జవాబు తోచక వానల సంగతి ఎత్తి తప్పించుకున్నాను. నిన్న సాయంత్రం మా ఊరి చెరువు మత్తడి దుంకుతోందని తెలిసి చూడబోయాను. జవాబు అక్కడ, కట్ట మీద దొరికింది.

కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల గురించి మీకు తెలుసు. పై చెరువు నిండితే మత్తడి మీదుగా పొర్లిన నీరు కింది చెరువుకు చేరుతుంది, అది నిండితే దాని కిందిదానికి. ఆ కథల్లోని కంప్యూటర్లు కూడా అలాగే ఒకదానికొకటి కలిసి ఉంటాయి. వాటిలో నీటికి బదులు ఎవరి ఖాతాలో ఎంత ఉంది, ఏ మందు ఎలా తయారవుతుంది, ఎవరి గుట్టు ఏమిటి అనే సమాచారం నిలిచి ఉంటుంది. అయితే చెరువు నిండినంత మాత్రాన ప్రతి మడీ తడవదు, తూము తీసేవాడు ఉండాలి. మనకు నీళ్లు పంచే నీరటికాడు ఊరందరి మనిషి కనుక చివరి మడికీ వంతు వచ్చేదని పెద్దలు చెప్పేవారు. (కాలువ గట్ల మీద తలలు పగలడం కూడా నేను చూశాననుకోండి.) ఆ కథల్లో మాత్రం తూములన్నీ ప్రభుత్వాలను మించిన పెద్ద కంపెనీల చేతిలో ఉంటాయి. మడి ఎండినవాడు రాత్రివేళ దొంగతనంగా తూము దగ్గరికి వస్తాడు. వాడినే హ్యాకర్ అంటారు.

పన్నెండేళ్ల వయసులో నేనూ ఆ పని చేశాను. మా మడి కాలువ చివర ఉండేది, నాట్ల వేళ దానికి నీరందలేదు. చీకట్లో మెడలోతు నీటిలోకి దిగి, రెండు రాతి కంబాల మధ్య నిలిచిన కర్రను పట్టి జానెడు పైకి లాగాను. కాళ్ల కింద నీరు గుబగుబమంటూ తూములోకి దిగింది. ఎంత భయం వేసిందో, అంత ఆనందమూ కలిగింది. ఆ చప్పుడే నన్ను పట్టించింది. పెద్దలు నన్ను కొట్టలేదు. వానలు వెనకపట్టేదాకా కట్ట ఎక్కవద్దని మాత్రం చెప్పారు. సద్దుల బతుకమ్మ నాడు ఊరంతా చెరువుకు పోతే, నేను మా గడప మీద కూర్చుని పాటలు వింటూ ఏడ్చాను. దొంగతనం తప్పే, మడి ఎండినా తప్పే.

1984లో వచ్చిన 'న్యూరోమాన్సర్' నవలలో కేస్ అనే హ్యాకర్‌కు పడిన శిక్ష ఇలాంటిదే. యజమానుల సొత్తే కాజేసినా వారు అతన్ని చంపరు. మళ్లీ కంప్యూటర్ల లోపలి లోకంలోకి దిగలేకుండా విషంతో అతని నరాలను పాడుచేస్తారు. చదివినప్పుడు నాకు ఆ గడపే గుర్తుకొచ్చింది. ఆ లోకానికి సైబర్‌స్పేస్ అని పేరు పెట్టినవాడు ఆ నవలా రచయిత విలియం గిబ్సనే, 1982లో ఒక కథలో. ఆయన ఆ నవల రాసింది కంప్యూటర్ మీద కాదు, చేతితో కొట్టే టైపురైటర్ మీద. వీడియో ఆటల దుకాణాల్లో తెరల మీదికి వంగిపోయిన పిల్లలను చూసి, ఆ గాజు వెనుక నిజంగా ఒక చోటు ఉందని వీరు నమ్ముతున్నట్టుందే అనుకున్నాడట. యంత్రం లోపల ఏముందో తెలియకపోయినా పిల్లల మెడలు వంగిన తీరు ఆయనకు చాలింది.

నా చెరువు పోలిక ఇక్కడ తెగిపోతుంది. అదే నవలలో చనిపోయిన హ్యాకర్ మనసును ఒక కంప్యూటర్ జ్ఞాపకంలో దాచి ఉంచుతారు. అది మాట్లాడుతుంది, సాయం చేస్తుంది, పని అయ్యాక తనను చెరిపేయమని అడుగుతుంది. దీనికి ఏ చెరువును పోల్చి చెప్పను? ఆ పుట దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

ఈ ఆదివారం రండి. మత్తడి మీద నాచు ఉంటుంది, అటు దిగకండి. కట్ట నడిమిదాకా నడిచి, నీటి పైకి తేలిన ఆ రెండు రాతి కంబాలను చూడండి. తరువాత కట్టకు అవతల దిగి, కాలువ మొదట్లో చేయి పెట్టి చూడండి, నీరు ఎంత వడిగా వస్తోందో.

మీ తాతయ్య