పీఎస్‌ఏ పరీక్ష: ట్యూబుకు దారిలో ఏం జరుగుతుంది?

పీఎస్‌ఏ అంటే ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రొటీన్. ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉందేమో చూడడానికి రక్తంలో దాన్ని కొలుస్తాం.

అపోహ: రక్తం తీశాక ల్యాబుకు ఎప్పుడు చేరినా అంకె మారదు.

వాస్తవం: టోటల్ పీఎస్‌ఏ, అంటే రక్తంలోని మొత్తం పీఎస్‌ఏ, వరకు ఈ మాట చాలావరకు నిజమే, అది మొండిఘటం. చిక్కంతా ఫ్రీ పీఎస్‌ఏతోనే. ఇతర ప్రొటీన్లకు అతుక్కోకుండా రక్తంలో విడిగా తిరిగే భాగమిది. కణాలతో కలిసి ట్యూబులో ఉన్నకొద్దీ తరిగిపోతుంది. అందుకే మా ల్యాబులో మూడు గంటల్లోపు ట్యూబును సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో గిర్రున తిప్పి, కణాల నుంచి సీరం (పైకి తేలే పసుపు ద్రవం) వేరు చేసి, 2 నుంచి 8 డిగ్రీల చలిలో పెడతాం. ఒక రోజు దాటేట్టయితే ఆ సీరాన్ని డీప్ ఫ్రీజర్‌లో పెట్టాల్సిందే.

టోటల్ మిల్లీలీటరుకు 4 నుంచి 10 నానోగ్రాముల మధ్య ఉన్నప్పుడు డాక్టర్లు ఫ్రీ శాతం, అంటే టోటల్‌లో ఫ్రీ ఎంత వంతో, చూస్తారు. 25 దాటితే కాస్త ఊరట, 10 కంటే తగ్గితే క్యాన్సర్ అనుమానంతో బయాప్సీ (గ్రంథి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) మాట వస్తుంది. టోటల్ 6, ఫ్రీ 0.64 అయితే 10.7 శాతం. అదే ఫ్రీ దారిలో 0.58కి జారిందనుకోండి, 9.7. మనిషి అదే, ప్రోస్టేటూ అదే.

ఒక మే నెలలో పాడేరు వైపు నుంచి బస్సులో ఒక ట్యూబు వచ్చింది. పొద్దున తీసిన రక్తం, విశాఖలో మా చేతికి అందేసరికి సాయంత్రమైంది. సీరం వేరు చేయలేదు, తీసిన సమయం గడి ఖాళీ. తెచ్చిన కుర్రవాడు "అన్నా, ఈ ఒక్కసారికి తిప్పేయండి" అన్నాడు. టోటల్ ఒక్కటే చేసి, ఫ్రీకి మళ్లీ రక్తం కావాలన్నాను. ఆ రక్తం ఇచ్చిన పెద్దాయన విసుక్కున్నారట. విసుక్కోరూ మరి, ఘాట్ రోడ్డు ఆయనకు రెండోసారి!

అపోహ: వెంటనే ఫ్రిజ్‌లో పెడితే ఏ బాధా లేదు.

వాస్తవం: జెల్ ట్యూబులో (తిప్పినప్పుడు సీరాన్ని కణాల నుంచి విడదీసే జిగురు ఉన్న ట్యూబు) రక్తం ముందు గడ్డకట్టాలి, దానికి సుమారు అరగంట బయటే ఉండాలి. వేరు చేయని రక్తాన్ని డీప్ ఫ్రీజర్‌లో పెట్టడం మరీ ఘోరం, కణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది. ట్యూబును ఐస్‌కు నేరుగా ఆనించవద్దని మా ల్యాబు పిల్లలకు ఇప్పటికీ చెబుతూనే ఉంటాను.

అపోహ: పరగడుపున రావాలి.

వాస్తవం: అక్కర్లేదు, ఇడ్లీ తినే రండి. రెండు రోజుల ముందు నుంచి వీర్యస్ఖలనం, సైకిల్ తొక్కడం మానితే మేలు. ప్రోస్టేట్ పెరిగినప్పుడు ఇచ్చే ఫినాస్టరైడ్ మందు వాడుతుంటే తప్పక చెప్పండి. నెలల తరబడి వాడితే అంకె దాదాపు సగానికి పడిపోతుంది.

అపోహ: ఏ ల్యాబులో చేయించినా ఒకటే.

వాస్తవం: ల్యాబులు పరీక్షకు వాడే కిట్లకు కిట్లకు కొలత తేడా ఉంటుంది. పోయినసారి చేసిన చోటే మళ్లీ చేయించండి, పాత రిపోర్టు వెంట తెచ్చుకోండి. రక్తం తీసిన సమయం మీ ఎదుటే ట్యూబు మీద రాయించండి.