కాలిఫోర్నియా కళాశాలల్లో పెద్దల ఇంగ్లీషు తరగతులు: అపోహలు – వాస్తవాలు

కాలిఫోర్నియాలోని ఒక కమ్యూనిటీ కళాశాలలో, ఇతర దేశాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దలకు నేను ఇంగ్లీషు బోధిస్తాను. మెక్సికో నుంచి వచ్చిన వంటమనిషి, వియత్నాం నుంచి వచ్చిన దర్జీ, గ్రీన్ కార్డు తీసుకుని పిల్లల దగ్గర ఉంటున్న తెలుగు తల్లిదండ్రులు, హెచ్-4 వీసాపై (తాత్కాలిక ఉద్యోగ వీసాతో వచ్చినవారి కుటుంబానికి ఇచ్చేది) ఉన్న గృహిణులు ఒకే గదిలో కూర్చుంటారు. ఈ తరగతుల గురించి మన కుటుంబాల్లో వినిపించే అపోహల్లో చాలా వాటికి మూలం ఒక్కటే: భాష రాని పెద్దవారిని ఏమీ తెలియని పసివారి కింద జమకట్టడం.

అపోహ: ఇవి చదువురాని వారి కోసం పెట్టిన తరగతులు.

అక్షరాలు దిద్దించే స్థాయి ఉన్న మాట నిజమే. అయితే అక్కడి నుంచి కళాశాల వ్యాసరచనకు సిద్ధం చేసే స్థాయి వరకు మెట్లు మెట్లుగా తరగతులు ఉంటాయి. ఎమ్మెస్సీ చదివిన మా విద్యార్థిని ఒకరు ఇంగ్లీషు పత్రిక ధారాళంగా చదివేవారు కానీ, మందుల దుకాణం నుంచి ఫోను వస్తే మాత్రం భర్త చేతికి ఇచ్చేసేవారు. ఫోనులో అవతలి వారి ముఖం కనిపించదు, చేసైగలు ఉండవు, ఉన్నదంతా చెవి మీదే ఆధారం. అందుకే తరగతిలో ఇద్దరిద్దరిని వీపు వీపు ఆనించి కూర్చోబెట్టి, ఒకరిని క్లినిక్ ఉద్యోగిగా, మరొకరిని అపాయింట్‌మెంట్ అడిగేవారిగా మాట్లాడిస్తాను. అప్పుడు బయటపడేవి ఎక్కువగా వ్యాకరణ దోషాలు కావు. ఫోను నంబరులో మనం "డబుల్ టూ, ట్రిపుల్ ఫైవ్" అంటే, ఆ లెక్క అలవాటు లేని ఉద్యోగి రాస్తూ రాస్తూ ఆగిపోతారు. 04/07 అని ఉంటే మనం జూలై 4 అనుకుంటాం, ఇక్కడ అది ఏప్రిల్ 7. "1978లో పాసవుట్ అయ్యాను" అంటే డిగ్రీ పూర్తయిందని మన ఉద్దేశం, స్పృహ తప్పిందని వారి అర్థం. ఇది తప్పుడు ఇంగ్లీషు కాదు, భారతీయ ఇంగ్లీషు. ఆ తేడా చెప్పకుండా ఎర్ర సిరాతో దిద్దే ఉపాధ్యాయులంటే నాకు కోపం.

అపోహ: అమెరికన్ యాస పట్టుబడితేనే ఇంగ్లీషు వచ్చినట్టు.

యాస మార్చడం నా పని కాదు, మాట అవతలివారికి అందేలా చేయడం నా పని. ప్రతి భాషా తన ముద్ర వేసే పంపుతుంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కనుక బస్, కార్ మనకు బస్సు, కారు అయ్యాయి. వియత్నామీయుల నోట మాట చివరి హల్లు తరచుగా జారిపోతుంది. స్పానిష్ మాతృభాషగా గలవారు స్కూల్ ముందు 'ఎ' చేర్చి పలుకుతారు (మన పల్లెల్లో "ఇస్కూలు" విన్నవారికి ఇందులో వింతేమీ ఉండదు). తెలుగువారికి నేను మొదట నేర్పేది 'ప'. మన 'ప'లో ఊపిరి వదలం కాబట్టి మనం "పిన్" అంటే అమెరికన్ చెవికి "బిన్"లా వినిపించవచ్చు. "ఫలము" అన్న మాటలో పండితులు పలికే మహాప్రాణాన్ని పట్టుకోండి, పెదవుల ముందు చిన్న కాగితం ముక్క పెట్టుకుంటే అది కదలాలి, అని చెబితే మనవారికి వెంటనే బోధపడుతుంది. ఇక ఊనిక సంగతి: థర్టీన్‌లో రెండో భాగం మీద, థర్టీలో మొదటి భాగం మీద బరువు వేయకపోతే పదమూడు ముప్ఫై అవుతుంది. మందు మోతాదు చెప్పేటప్పుడు ఇది చిన్న విషయం కాదు.

అపోహ: అరవై దాటాక భాష రాదు.

నెదర్లాండ్స్‌లో డచ్ నేర్చుకుంటున్న ఇంగ్లీషువారిపై స్నో, హూఫ్‌నాగెల్-హోలె అనే ఇద్దరు పరిశోధకులు 1978లో ప్రచురించిన పరిశోధనలో, తొలి నెలల్లో పసిపిల్లల కన్నా కౌమార వయస్కులు, పెద్దలు వేగంగా నేర్చుకున్నట్టు తేలింది. ఉచ్చారణలో చివరికి పిల్లలదే పైచేయి కావచ్చు. నా వృద్ధ విద్యార్థులకు అడ్డుపడేది తరచుగా వయసు కన్నా తగ్గిన వినికిడి. వారిని ముందు వరుసలో కూర్చోబెడితే సగం సమస్య తీరుతుంది.

ఇంట్లో తెలుగు మానేస్తేనే ఇంగ్లీషు వస్తుందనే మాట కూడా వింటుంటాను. మానవద్దు. మనవరాలు అమ్మమ్మ దగ్గర పొందవలసింది అమ్మమ్మ తెలుగే.

ఫీజు, వీసాల గురించి: నాన్‌క్రెడిట్ తరగతులకు, అంటే డిగ్రీ లెక్కలోకి రాని తరగతులకు, నమోదు రుసుము లేదు, వాటిలో ఒకే స్థాయిని మళ్లీ చదవవచ్చు కూడా. హెచ్-4 ఉన్నవారు చదువుకోవచ్చు. విజిటర్ వీసాపై వచ్చిన తల్లిదండ్రులు మాత్రం కోర్సులో నమోదు కావడాన్ని నిబంధనలు ఒప్పుకోవు. "ఆరు నెలలేగా, చేర్పించండి" అని అడిగేవారికి నేను కాదనే చెబుతాను.

అపోహ: పౌరసత్వం కావాలంటే ఈ తరగతి తప్పనిసరి.

ఏ తరగతీ తప్పనిసరి కాదు. పౌరసత్వ పరీక్షలో మూడు వాక్యాలలో ఒకటి సరిగ్గా చదవాలి, మూడింటిలో ఒకటి సరిగ్గా రాయాలి, అధికారి అడిగిన వాటికి ఇంగ్లీషులో జవాబు చెప్పాలి. దరఖాస్తు చేసేనాటికి 50 ఏళ్లు నిండి గ్రీన్ కార్డుతో 20 ఏళ్లు, లేదా 55 ఏళ్లు నిండి 15 ఏళ్లు ఇక్కడ ఉన్నవారికి ఇంగ్లీషు భాగం నుంచి మినహాయింపు ఉంది. చరిత్ర, ప్రభుత్వాలపై ప్రశ్నలకు వారు దుబాసీ సాయంతో తెలుగులోనే జవాబు చెప్పవచ్చు.