బ్రెగ్జిట్ ఓటు, వయసు గొడవ: కొన్ని అపోహలు, వాస్తవాలు

లండన్‌లో సర్వే లెక్కలు చూసుకునే ఉద్యోగం నాది. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండిపోవాలా, బయటికి వెళ్లాలా అని పెట్టిన బ్రెగ్జిట్ ఓటింగ్ అయి ఇన్నేళ్లయినా, మనవాళ్లు ఏ పెళ్లిలోనో కలిస్తే ఇప్పటికీ అదే మాట: "ముసలాళ్లు ఓటేసి కుర్రాళ్ల నోట్లో మట్టి కొట్టారు." అందులో సగమే నిజం.

అపోహ: ఏ వయసువాళ్లు ఎటు వేశారో ప్రభుత్వం దగ్గర లెక్క ఉంది.

బ్యాలెట్ మీద వయసు రాయరు కదా! 2016 జూన్ 23న 51.9 శాతం బయటికి వెళ్దామన్నారు, 48.1 శాతం ఉండిపోదామన్నారు. అధికారికంగా తెలిసేది ఈ లెక్కే, కాకపోతే ఏరియాల వారీగా కూడా ఇస్తారు. వయసు అంకెలన్నీ మాలాంటివాళ్లు జనాన్ని అడిగి రాసుకున్నవే. యూగవ్ అనే సర్వే సంస్థ లెక్కలో 18-24 ఏళ్లవాళ్లలో 71 శాతం ఉండిపోదామన్నారు, 65 దాటినవాళ్లలో 64 శాతం వెళ్దామన్నారు. వేరే సర్వేల్లో అంకెలు కాస్త అటూ ఇటూగా ఉన్నా తేడా మాత్రం అన్నిట్లోనూ కనిపించింది. ఇంకో సంగతి, 64 శాతం అంటే మూడో వంతు పెద్దవాళ్లు ఉండిపోదామనే వేశారు. ఇది ఎవరూ చెప్పరు.

అపోహ: కుర్రాళ్లు అసలు ఓటుకే వెళ్లలేదు.

36 శాతమే వేశారని ఒక అంకె ఊరంతా తిరిగింది. తర్వాత పరిశోధకులు వేసిన అంచనా 64 శాతం దాకా ఉంది. పెద్దవాళ్లు 90 శాతం వెళ్లారనుకోండి, అది వేరే సంగతి.

అపోహ: పెద్దవాళ్లకు యూరప్ అంటే మొదట్నుంచీ పడదు.

నాకు చిరాకు తెప్పించేది ఇదే. 1975లో దాదాపు ఇదే ప్రశ్న మీద (అప్పట్లో దాన్ని 'కామన్ మార్కెట్', అంటే ఉమ్మడి సంత అనేవారు) ఓటింగ్ పెడితే 67 శాతం ఉండిపోదామన్నారు. అప్పుడు 18 ఏళ్లున్నవాళ్లకు 2016కి 59. అంటే చాలామంది ఆ మనుషులే. లింకన్‌షైర్‌లోని బోస్టన్‌లో 75 శాతానికి పైగా వెళ్దామని వేశారు. అక్కడ ఇంటింటి సర్వేకి వెళ్తే, ఒక పెద్దావిడ టీ ఇచ్చి కూర్చోబెట్టింది. కిటికీ బయట కనుచూపుమేర క్యాబేజీ పొలాలు. 1975లో ఉండిపోదామనే వేసిందట. "అప్పుడు నేను వేసింది సంతకి, ఇంకో ప్రభుత్వానికి కాదు" అంది. మాంచెస్టర్‌లో చదువుకునే మనవడు వస్తే ఈ మాటే ఎత్తరట, క్రిస్మస్ భోజనం పాడవుతుందని.

ఆ మనవడికీ ఆవిడకీ మధ్య ఉన్నది వయసొక్కటే అనుకుంటే పొరపాటు. ఆవిడ కాలంలో డిగ్రీకి వెళ్లినవాళ్లు బాగా తక్కువ. డిగ్రీ ఉన్నవాళ్లలో 68 శాతం ఉండిపోదామన్నారని ఆ యూగవ్ సర్వేలోనే ఉంది. వయసు పక్కన చదువు, ఊరు కూడా పెట్టి చూస్తే వయసు తేడా కొంత తగ్గుతుంది, పూర్తిగా మాత్రం పోదు.

అపోహ: ఓటు లేక నష్టపోయింది 16, 17 ఏళ్ల పిల్లలే.

అప్పటికి 15 ఏళ్లకు పైగా స్పెయిన్‌లో ఉంటున్న బ్రిటిష్ పెన్షనర్లకూ ఆ ఓటింగ్‌లో ఓటు లేకపోయింది. ఇక్కడ ఉంటున్న కామన్వెల్త్ దేశాలవాళ్లు వేయొచ్చు కాబట్టి, ఇండియా పాస్‌పోర్టుతో వచ్చి అప్పటికి రెండేళ్లే అయిన నాకు మాత్రం ఉండింది! అప్పటికి పదకొండేళ్లుగా ఇక్కడే పన్ను కడుతున్న మా ఆఫీసు పోలండ్ అమ్మాయికి లేకపోయింది. "వేసొచ్చావా?" అని తను అడిగితే అవునని తలూపి, కంప్యూటర్ వైపు తిరిగిపోయాను.