స్మోక్ డిటెక్టర్ ఊరికే మోగదు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో చలి మొదలైతే అపార్ట్‌మెంట్లలో తరచూ వినిపించే ఫిర్యాదు: తెల్లవారుజామున సీలింగ్ మీద ఏదో కీచుమంటోంది. అది పొగని పసిగట్టి మోగే స్మోక్ డిటెక్టర్. చాలామంది వెంటనే దాన్ని ఊడదీసి అల్మరాలో పడేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు అది ఏ టైముకి, ఎన్ని సెకన్లకోసారి మోగిందో కాగితం మీద రాసుకోండి. సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

అపోహ: కీచుమంటే డిటెక్టర్ పాడైనట్టే.

వాస్తవం: 30 నుంచి 60 సెకన్లకోసారి ఒక్క కూత వస్తుంటే సాధారణంగా బ్యాటరీ అయిపోవస్తోందని అర్థం. పొగకి మోగే మోత వేరు, అది చెవులు పగిలేలా ఆగకుండా మోగుతుంది. చలికి బ్యాటరీ వోల్టేజీ తగ్గుతుంది. పొద్దెక్కి గది వేడెక్కితే మళ్ళీ కాస్త పుంజుకుని కూత ఆగుతుంది. దాంతో "పగలు బాగానే ఉందిగా" అని వదిలేస్తారు.

మార్చేటప్పుడు డిటెక్టర్ వెనక రాసిన రకం బ్యాటరీయే వేయండి. 9 వోల్టులదైతే ఎక్కువగా ఆల్కలైన్ గానీ లిథియం గానీ అడుగుతుంది. రీచార్జబుల్‌ది వద్దు. కొత్తది వేసినా కూత ఆగకపోతే బ్యాటరీ తీసి, టెస్ట్ బటన్‌ని 15-20 సెకన్లు నొక్కిపట్టి, మళ్ళీ పెట్టండి. లోపల మిగిలిన చార్జి పోతుంది. కాంటాక్టు రేకులు వంగాయేమో చూడండి. వెనకున్న తయారీ తేదీకి 10 ఏళ్ళు దాటితే కొత్త డిటెక్టర్ కొనాల్సిందే.

అపోహ: పొగ లేకుండా మోగిందంటే సెన్సర్‌ని నమ్మలేం.

వాస్తవం: ఇళ్ళల్లో ఎక్కువగా వాడే ఫొటోఎలక్ట్రిక్ (వెలుగుతో పొగని పట్టే) రకంలో లోపల ఒక చిన్న చీకటి అర ఉంటుంది. ఒక పక్క నుంచి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వెళ్తుంది. దాన్ని పట్టే సెన్సర్ ఎదురుగా కాకుండా ఏటవాలుగా కూర్చుంటుంది కాబట్టి మామూలుగా వెలుగు దానికి అందదు. పొగ రేణువులు వెలుగును చెదరగొడితే అందుతుంది, అలారం మోగుతుంది. ఆవిరి, దుమ్ము, చిన్న సాలీడు కూడా అచ్చం అదే పని చేస్తాయి. తొలకరికి ఉసిళ్ళు లేచిన రాత్రి మోగితే డిటెక్టర్‌కి పొగ లోపలికి వెళ్ళే చోట ఉండే జల్లెడ వైపు చూడండి. స్నానాల టైములో మోగితే గీజర్ నీళ్ళ ఆవిరి. పోపు వేసినప్పుడో, సాంబ్రాణి వేసినప్పుడో మోగితే కారణం వేరే చెప్పక్కర్లేదు.

శుభ్రం చేయడానికి మెత్తటి బ్రష్ తగిలించిన వాక్యూమ్‌తో జల్లెడ చుట్టూ పీల్చండి. తడిగుడ్డతో తుడవకండి, లోపలికి దోమల మందు కొట్టకండి. ఆరు నెలలకోసారి చేస్తే చాలు. పక్క ఫ్లాట్‌లో టైల్స్ కోస్తుంటే, మీ ఇంట్లో పీఓపీ రుద్దుతుంటే ఆ పని అయ్యాక కూడా చేయండి.

అపోహ: మంట పుట్టేది వంటింట్లోనే కాబట్టి అక్కడే పెట్టాలి.

వాస్తవం: అక్కడికి వేడిని పట్టే హీట్ డిటెక్టర్ సరైనది. స్మోక్ డిటెక్టర్‌ని స్టవ్‌కి కనీసం 3 మీటర్ల దూరంలో, సీలింగ్ ఫ్యాన్ రెక్కల చివరికి దాదాపు 90 సెంటీమీటర్ల అవతల పెట్టండి. ఫ్యాన్ గాలి పొగని దాని దగ్గరికి రానివ్వదు. ఇంకో మాట, గ్యాస్ లీకుని ఈ రెండూ పట్టలేవు.

అపోహ: ఎర్రలైటు మినుకుమంటోంది, ఏదో తేడా ఉంది.

వాస్తవం: చాలా మోడళ్ళలో అప్పుడప్పుడు మినుకుమంటే బాగున్నట్టే. ఆగకుండా వెలిగితే అలారంలో ఉన్నట్టు.

అపోహ: నా ఫ్లాట్‌లోది, తీసేస్తే నా ఇష్టం.

వాస్తవం: పెద్ద టవర్లలో డిటెక్టర్ వైరుతో కింద ఉన్న ఫైర్ అలారం ప్యానెల్‌కి (బిల్డింగ్ డిటెక్టర్లన్నిటినీ గమనించే పెట్టె) కలిసి ఉంటుంది, దానికి విడిగా బ్యాటరీ ఉండదు. తీస్తే ప్యానెల్‌లో ఫాల్ట్ చూపిస్తుంది. పాత రకం వైరింగ్ అయితే అదే లైనులో దాని తర్వాత ఉన్న ఇళ్ళవి కూడా పనిచేయకపోవచ్చు. గృహప్రవేశం హోమానికి ఊడదీయడం, కవరు చుట్టడం బదులు మేంటెనెన్స్ వాళ్ళకి ముందే చెప్పి మీ ఫ్లాట్ డిటెక్టర్లని ప్యానెల్‌లో డిసేబుల్ చేయించండి. ఎప్పుడు చేశారో అక్కడి రిజిస్టర్‌లో రాయించండి. పొగంతా పోయాక మీరే కిందికి వెళ్ళి, మళ్ళీ ఆన్ చేశారో లేదో చూసుకుని పైకి రండి.