ఊటీ క్లబ్, స్నూకర్ పుట్టుక: అపోహలు - వాస్తవాలు

నేను స్నూకర్ కోచింగ్ ఇస్తుంటాను, ఊటీ ట్రిప్పుకెళ్ళొచ్చిన కుర్రాళ్ళు "సార్, మన గేమ్ పుట్టిన క్లబ్ చూసొచ్చాం" అని ఫొటోలు చూపిస్తారు. సంతోషమే గానీ ఆ కథలో సగం తప్పుంది, అందుకే ఈ పోస్టు.

అపోహ: స్నూకర్ ఊటీ క్లబ్‌లో పుట్టింది.

వాస్తవం: పుట్టింది జబల్పూర్‌లో, 1875లో, బ్రిటిష్ ఆర్మీ డెవన్‌షైర్ రెజిమెంట్ ఆఫీసర్ల మెస్‌లో. వానాకాలం, బయటికి కదలడానికి లేదు, రోజంతా బిలియర్డ్స్ టేబుల్ దగ్గరే పందేలు కాస్తూ గడిపేవాళ్ళు. అదే టేబుల్ మీద నల్ల బంతి కలిపి బ్లాక్ పూల్ అనే ఆట ఆడుతుంటే నెవిల్ చాంబర్లేన్ అనే కుర్ర ఆఫీసరు ఇంకొన్ని రంగు బంతులు కూడా పెడదాం అన్నాడు. పేరు వెనక కథ నాకు భలే ఇష్టం, ఇంగ్లాండ్‌లోని వూలిచ్ మిలిటరీ అకాడమీలో ఫస్ట్ ఇయర్ కేడెట్లని స్నూకర్లు అనేవాళ్ళట, ఒకాయన ఈజీ పాట్ (బంతిని టేబుల్ పాకెట్‌లో వెయ్యడం) మిస్ చేస్తే చాంబర్లేన్ ఆ మాటతో ఏడిపించి, మళ్ళీ ఆయన నొచ్చుకోకుండా ఈ గేమ్‌కి మనమందరం స్నూకర్లమే అన్నాడట, అలా పేరు ఆటకే అంటుకుంది.

మరి ఊటీ ఎక్కడొచ్చింది అంటే, 1881లో జనరల్ రాబర్ట్స్ మద్రాసు ఆర్మీకి కమాండర్ ఇన్ చీఫ్ అయ్యాడు, ఆయన స్టాఫ్‌లో చాంబర్లేన్ కూడా ఊటీ వచ్చాడు, 1882లో రూల్స్ రాసి క్లబ్ బిలియర్డ్స్ రూమ్‌లో పెట్టారు. అంటే పుట్టింది జబల్పూర్‌లో, అక్షరాభ్యాసం ఊటీలో.

అపోహ: ఆ చాంబర్లేనే తర్వాత బ్రిటన్ ప్రధాని అయ్యాడు.

వాస్తవం: కాదు, పేరొకటే. ప్రధాని అయినాయన 1869లో పుట్టాడు, 1875కి ఆరేళ్ళ పిల్లాడు. మన స్నూకర్ చాంబర్లేన్ ఐర్లాండ్ పోలీసు పెద్దగా చేశాడు, ఈ ఆటని కనిపెట్టింది తనేనని 1938లో, 82 ఏళ్ళ వయసులో, పత్రికకి ఉత్తరం రాసి మరీ చెప్పుకోవాల్సొచ్చింది.

అపోహ: ఆ బిల్డింగు క్లబ్ కోసమే కట్టారు.

వాస్తవం: క్లబ్ మొదలైంది 1841లో, బిల్డింగు అంతకంటే పాతది, 1830ల మొదట్లో సర్ విలియం రంబోల్డ్ కట్టించాడు. ఈయన ఎవరనుకున్నారు? హైదరాబాదులో నిజాం సర్కారుకి భారీ వడ్డీలకి అప్పులిచ్చిన పామర్ అండ్ కంపెనీలో పార్ట్‌నర్! మనవాళ్ళు ఆ గోడల ముందు సెల్ఫీ దిగేటప్పుడు ఈ సంగతి తెలిసుంటే బావుణ్ణు అనిపిస్తుంది.

అపోహ: ఇది దొరల ఆట, మనది కాదు.

వాస్తవం: అప్పట్లో అలాంటి క్లబ్బుల్లో మెంబర్లు తెల్లవాళ్ళే, అది నిజం. కానీ వ్యక్తిగత క్రీడల్లో ఇండియాకి మొట్టమొదటి ప్రపంచ టైటిల్ బిలియర్డ్స్ టేబుల్ మీదే వచ్చింది, 1958లో విల్సన్ జోన్స్ అమెచ్యూర్ బిలియర్డ్స్ గెలిచాడు, స్నూకర్‌లో 1984లో ఓం అగర్వాల్ ప్రపంచ అమెచ్యూర్ ఛాంపియన్ అయ్యాడు, ఆ తర్వాత ఈ రెండు ఆటల్లోనూ ప్రపంచ టైటిళ్ళు గెలిచిన పంకజ్ అద్వానీ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.