ఎండ దెబ్బ లేకుండా నల్లబడటం

మిర్చి సీజన్‌లో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వెళ్తే బస్తాలు మోసే హమాలీల చేతులు చూడండి. అంగీ చెయ్యి ఆగిన చోట గీత గీసినట్టు రంగు మారుతుంది. "ఎండకు మాడిపోయిండు" అంటాం. నిజానికి ఆ నలుపు చర్మం తనకోసం తాను చేసుకున్న ఏర్పాటు.

కాకపోతే ఆ ఏర్పాటు మొదలవ్వాలంటే ముందు కొంత నష్టం జరగాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైచర్మం కణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. ఆ సంగతి పసిగట్టిన పీ53 అనే ప్రోటీన్, పీఓఎంసీ అనే మరో ప్రోటీన్ తయారీని పెంచుతుంది. దాన్నుంచి తెగి వచ్చే ముక్కే ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ హార్మోన్. 13 అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు ఇది. ఇలాంటి గొలుసులనే పెప్టైడ్‌లంటారు. ఇది వెళ్లి పక్కనున్న మెలనోసైట్ కణం మీది ఎంసీ1ఆర్ గ్రాహకానికి అతుక్కుంటే లోపల మెలనిన్ తయారీ ఊపందుకుంటుంది. ఆ నల్లటి రేణువులు పైకణాల్లోకి చేరి కేంద్రకం మీద గొడుగు పడతాయి. ఈ కొత్త నలుపు తేలడానికి రెండు మూడు రోజులు పడుతుంది. గొడుగు విప్పేలోపే కొంత తడిసిపోయి ఉంటామన్నమాట.

మరి డీఎన్‌ఏకు దెబ్బ తగలకుండా, ఆ హార్మోన్ సంకేతం ఒక్కటే అందిస్తే? అమెరికాలోని ఆరిజోనా విశ్వవిద్యాలయంలో విక్టర్ హ్రూబీ, మాక్ హాడ్లీ బృందం పట్టుకున్న దారి ఇదే. సహజ హార్మోన్‌తో చిక్కేమిటంటే, ఎంజైములు దాన్ని ఇట్టే తెంపేస్తాయి. దారి చూపింది కప్ప చర్మం. ఈ హార్మోన్ తగిలితే కప్ప చర్మం నల్లబడుతుంది, కడిగేస్తే మళ్లీ లేత రంగుకు వస్తుంది. కానీ హార్మోన్‌ను ముందుగా క్షారంలో వేడిచేసి వాడితే కడిగాక కూడా నలుపు వదల్లేదు! కారణం వెతికితే ఏడో స్థానంలోని ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం కొంతమేర తన అద్దపు ప్రతిబింబ రూపంలోకి తిరిగిపోయిందని తేలింది. ఆ తిరగబడ్డ రూపాన్నే కావాలని పెట్టి, నాలుగో స్థానంలో తేలిగ్గా ఆక్సీకరణం చెందే మెథియోనిన్ బదులు నార్‌ల్యూసిన్ చేర్చి, 1980లో కొత్త పెప్టైడ్‌ను ప్రకటించారు. పదమూడింటిలో మార్చినవి రెండే. సహజ హార్మోన్ కన్నా బలంగా, చాలా ఎక్కువసేపు పనిచేసింది. నాకైతే ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఈ ఘట్టమే.

దాని మందు పేరు అఫామెలనోటైడ్. అది చివరికి అక్కరకొచ్చింది అరుదైన ఈపీపీ జబ్బు ఉన్నవాళ్లకు. వీళ్ల రక్తంలో ప్రోటోపోర్ఫిరిన్ అనే పదార్థం పేరుకుని, మామూలు వెలుతురు పడినా చర్మం భగ్గున మండుతుంది. మామూలు సన్‌స్క్రీన్‌లు కంటికి కనిపించే కాంతిని పెద్దగా ఆపలేవు. మెలనిన్ కొంత ఆపుతుంది. 16 మిల్లీగ్రాముల మందును రెండు నెలలకోసారి చర్మం కింద పెడతారు. యూరప్ 2014లో, అమెరికా 2019లో అనుమతినిచ్చాయి.

బొల్లి సంగతేమిటని మనవాళ్లు వెంటనే అడుగుతారు. బొల్లి మచ్చల్లో సంకేతం అందుకోవాల్సిన మెలనోసైట్‌లే ఉండవు. కాబట్టి పెప్టైడ్ ఒక్కటే చాలదు. వెంట్రుకల కుదుళ్లలో మిగిలిన కణాలను కదిలించే యూవీబీ కాంతి చికిత్సతో కలిపి పరీక్షించారు. ముదురు చర్మం ఉన్నవాళ్లలో ఫలితం మెరుగ్గా కనిపించింది. కాకపోతే చుట్టూ ఉన్న మంచి చర్మం కూడా నల్లబడుతుంది, దాంతో మచ్చ మరింత కొట్టొచ్చినట్టు కనబడవచ్చు.

ఇంకో తమాషా. పడమటి దేశాల్లో కొందరు నల్లబడాలని ఈ కుటుంబానికే చెందిన మెలనోటాన్-2ను ఆన్‌లైన్‌లో కొని సూదితో పొడుచుకుంటున్నారు. మన పట్టణాల్లో తెల్లబడాలని గ్లూటాథయోన్ ఎక్కించుకుంటున్నారు. అదీ పెప్టైడే, మూడు అమైనో ఆమ్లాలది. చర్మం రంగు మార్చడానికి ఈ రెండిటిలో దేనికీ అమెరికా ఔషధ సంస్థ అనుమతి లేదు. మెలనోటాన్-2తో వికారం, వాంతులు మామూలే. అంతకన్నా టెన్షన్ పెట్టేది పుట్టుమచ్చల విషయం. మచ్చ ముదిరితే అది మందు వల్లనా, మెలనోమా క్యాన్సర్ మొదలవడం వల్లనా అని తేల్చడం చర్మ డాక్టర్‌కూ కష్టమవుతుంది.